రంగం నుంచి నడిచి వచ్చి, మళ్లీ రంగమే వెళ్లిన మా అమ్మమ్మ

ఉద్దానం మనవడు:

మా అమ్మమ్మ శ్రీకాకుళం సముద్రపుటొడ్డున 1920 ప్రాంతంలో పుట్టి, తొంభై అయిదేళ్లు దాటి బతికి, విశాఖపట్నంలో కన్నుమూసింది. ఆమె గురించి ఇంట్లో ఎవరిని అడిగినా ఒకటే కథ చెబుతారు: జపాను వాళ్లు బాంబులు వేస్తే రంగం (బర్మాలోని రంగూన్) నుంచి నడిచి వచ్చేసింది అని. పెళ్లిళ్లలోనూ సంవత్సరీకాల్లోనూ చెప్పగా చెప్పగా ఆ కథ బాగా పెరిగిపోయింది. ఇప్పుడు ఆమె పులిని కర్రతో అదిలించినట్టూ, చంకన పిల్లతో, నెత్తిన మూటతో కలకత్తా దాకా అడవుల్లోనే నడిచినట్టూ చెబుతున్నారు. ఆమె నాతో చెప్పిన సంగతులు వేరు. వాటిని ఉన్నవి ఉన్నట్టు రాసిపెట్టాలని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. దారులు, తేదీలు తెలిసినవారు సరిచూడవలసిందిగా కోరుతున్నాను. బర్మాతో ముడిపడిన అమ్మమ్మలు, నాయనమ్మలు ఉన్నవారు తమ ఇంటి సంగతులు కూడా ఇక్కడే రాస్తే అన్నీ ఒకచోట ఉంటాయి.

ఆమె 1936 ప్రాంతంలో, పెళ్లయిన కొన్ని నెలలకే, కళింగపట్నం రేవులో ఓడ ఎక్కింది. అక్కడ ఓడ ఒడ్డుదాకా రాదు. అలలు దాటే పడవలో జనాన్ని కూర్చోబెట్టి తీసుకెళ్లి, ఊగుతున్న పడవలోంచే ఓడ నిచ్చెన ఎక్కించేవారట. పడవ అలమీద పైకి లేచిన క్షణంలోనే కాలు నిచ్చెనమీద వేయాలని, దిగుతున్నప్పుడు వేస్తే మనిషి గాలిలో వేలాడవలసిందేనని పక్కనున్న ముసలామె చెప్పిందని, ఆ ఒక్క మాట వినకపోయి ఉంటే తన బర్మా ప్రయాణం అక్కడే ముగిసేదని అమ్మమ్మ చెప్పేది. ఆ తర్వాత మూడు నాలుగు రోజులు డెక్కుమీద, నిమ్మకాయ వాసన చూస్తూ గడిపింది.

తాతయ్య రంగం రేవులో బియ్యం మూటలు మోసేవాడు. ఆయన ముఠాలో అందరూ మన వైపు వాళ్లే, ఒకే మేస్త్రీ కింద పనిచేసేవారు, దాదాపు ఎవరికీ అక్కడ ఆడదిక్కు లేదు. మొదట ఇద్దరు ముగ్గురికి వండిపెట్టిన అమ్మమ్మ, కొంతకాలానికి ఆ ముఠా మొత్తానికి పూటకూళ్లు పెట్టడం మొదలుపెట్టింది. తెల్లవారకముందే గంజి, రాత్రికి అన్నం, పులుసు, ఎండుచేప. చదువు రాదు కనుక పద్దును గోడమీద బొగ్గుతో వేసేది. ఒకరికి చేప బొమ్మ, ఒకరికి కొడవలి, ఒకరికి ఉత్త సున్నా, ఇలా మనిషికొక గుర్తు వేసి, దాని కింద పూటకొక గీత గీసేది. కూలి డబ్బు అందిన రోజున ఎవరి బాకీ తీరితే వారి గీతలను తడిగుడ్డతో తుడిచేది.

చరిత్ర పాఠకుడు:

మంచి చర్చ. మీ అమ్మమ్మగారు చెప్పిన నేపథ్యం చరిత్రతో చక్కగా కలుస్తోంది. 1931 జనగణన ప్రకారం బర్మాలో పది లక్షలకు పైగా భారతీయులు ఉండేవారు, రంగూన్ నగర జనాభాలో సగానికి మించి వారే. రేవు పనిలో, బియ్యం మిల్లుల్లో, రిక్షాలు లాగడంలో తెలుగువారు చాలా ఎక్కువ. కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం, గోపాల్‌పూర్ రేవుల నుంచి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు వారిని చేరవేసేవి. ఈ వలసలో మగవాళ్లే అత్యధికం. రెండు మూడేళ్లు కష్టపడి, కొంత వెనకేసుకొని, తిరిగి రావడం వారి పద్ధతి. భార్యను వెంట తీసుకువెళ్లిన రేవు కూలీ అరుదు. కాబట్టి మీ అమ్మమ్మగారు ఓడ ఎక్కడమే చెప్పుకోదగిన విషయం.

ఆమె వెళ్లేనాటికి రంగూన్ ప్రశాంతంగా ఉన్న ఊరు కాదన్నది గుర్తుంచుకోవాలి. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు సమ్మె చేస్తే, వారి బదులు బర్మా కూలీలను పనిలో పెట్టారు. సమ్మె ముగిసి తెలుగువాళ్లు తిరిగి పనిలోకి రాగానే బర్మా కూలీలను పంపించివేశారు. దాంతో మే 26న మొదలైన కొట్లాటలో వందమందికి పైగా చనిపోయారు, వారిలో ఎక్కువమంది తెలుగు కూలీలే. 1937 ఏప్రిల్ 1న బర్మాను భారతదేశం నుంచి పరిపాలనాపరంగా వేరుచేశారు. 1938లో భారతీయులమీద మరొకసారి దాడులు జరిగాయి. మీ తాతగారి ముఠాలో 1930 నాటి మనుషులు తప్పకుండా ఉండి ఉంటారు.

ఒక సందేహం. ఆమె ఏ దారిన వచ్చారో చెప్పగలరా? కలకత్తా దాకా అడవుల్లో నడవడం మాత్రం జరిగి ఉండదు.

ఉద్దానం మనవడు:

జరగలేదు. ఇంట్లో కథ వేరు, ఆమె మాట వేరు అన్నది అందుకే. ఆమె ఊళ్ల పేర్లను తనకు పట్టుబడిన ఉచ్చారణలో చెప్పేది. వాటిని పటంతో పోల్చి చూస్తే దారి ఇలా తేలింది: రంగం నుంచి ప్రోమ్, అక్కడ ఇరావతి దాటి అరకాన్ కొండల్లో తౌంగప్ కనుమ, తౌంగప్ నుంచి పడవలో అక్యాబ్, అక్యాబ్ నుంచి ఓడలో చిట్టగాంగ్. అక్కడ రైలెక్కి, స్టీమరులో నది దాటి, మళ్లీ రైలెక్కి కలకత్తా, చివరికి చికాకోల్ రోడ్డు (ఇప్పటి శ్రీకాకుళం రోడ్డు) స్టేషను. నడక ఉన్నది ప్రోమ్‌కు చేరేదాకా, తర్వాత ఆ కొండల్లో.

1941 డిసెంబరు 23న మొదటి బాంబులు పడ్డప్పుడు ఆమె పొయ్యిముందు ఉంది. విమానాలను చూడడానికి జనం వీధుల్లోకి పరుగెత్తారట. ఎసరు పొంగుతోందని ఆమె కదలలేదు. బయటికి వెళ్లినవాళ్లలో ముఠా మనుషులు ఇద్దరు తిరిగి రాలేదు. క్రిస్మసు రోజున మళ్లీ పడ్డాక తాతయ్య ఇక ఆగనన్నాడు. మూడేళ్ల కొడుకు, పాలుతాగే కూతురు, ఒక గిన్నె, బియ్యం, ఉప్పు, ఒక దుప్పటితో బయలుదేరారు. ఇల్లు తాళం వేసిందో లేదో ఆమెకు చివరిదాకా గుర్తుకు రాలేదు కానీ గోడమీద ఎవరి గుర్తు కింద ఎన్ని గీతలు మిగిలాయో మాత్రం గుర్తుండేది.

పులి సంగతి అబద్ధం. ఆమె పులిని చూడలేదు, పులి అరుపు విన్నానని కూడా అనలేదు. ఆమె చెప్పింది నీళ్ల సంగతి. కొండల్లో నీటిచెలమ కనిపించినచోటల్లా అప్పటికే వందలమంది ఉండేవారు, చెలమ పక్కనే శవాలూ ఉండేవి. కాచకుండా ఒక్క చుక్క తాగనివ్వనని ఆమె పంతం పట్టింది. గిన్నెలో నీళ్లు పొంగేదాకా ఆగలేక మగవాళ్లు తిట్టేవారట. రాత్రి ముఠా అంతా ఒకేచోట పడుకొనేది. దారిలో దోచుకున్నవాళ్లూ ఉన్నారు, గుమ్మడికాయ ముక్క చేతిలోపెట్టి పంపిన బర్మా పల్లెటూరి ఆడవాళ్లూ ఉన్నారు. దోచుకున్న వాళ్ల గురించి మా మామయ్యలు చెబుతారు, గుమ్మడికాయ గురించి అమ్మమ్మ చెప్పింది.

ఇంటి కథలో లేని సంగతి ఒకటి ఉంది. మూడేళ్ల పిల్లవాడు తౌంగప్‌లో పడవకోసం ఎదురుచూస్తుండగా కలరాతో పోయాడు. ఆమె అంతగా కాచి ఇచ్చిన నీళ్లను పడవల రేవు దగ్గరి జనంలో కాచుకొనే వీలు లేకపోయింది. మా అమ్మకు ఒక అన్న ఉండేవాడని నాకు ముప్పై ఏళ్లు వచ్చేదాకా తెలియదు.

చరిత్ర పాఠకుడు:

అది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

ఆ దారిలో 1942 తొలి నెలల్లో కలరా తీవ్రంగా ప్రబలిందన్నది నమోదైన విషయమే. లక్షకు పైగా జనం తౌంగప్ కనుమ గుండా వచ్చారని అంచనా. అరకాన్ దారి, ఉత్తరాన కలేవా, తమూ మీదుగా ఇంఫాల్, దీమాపూర్ చేరే దారి, ఇంకా పైన హుకాంగ్ లోయ దారి, అన్నీ కలిపి నాలుగైదు లక్షలమంది బర్మా విడిచి వచ్చారని చెబుతారు. వారిలో వేలాదిమంది దారిలోనే చనిపోయారు, కచ్చితమైన లెక్క ఎవరి దగ్గరా లేదు. మీ అమ్మమ్మగారి దారి అన్నింటికంటే ముందు రద్దీ అయిన దారి. హుకాంగ్ లోయ గుండా వచ్చినవారు వానాకాలం బురదలో చిక్కుకొని మరింత ఘోరంగా నష్టపోయారు.

సందేహాల రాయుడు:

గౌరవంతోనే అడుగుతున్నాను, వేరుగా అనుకోవద్దు. ఓడల్లో వెళ్లినవాళ్లు ఓడల్లోనే ఎందుకు రాలేదు? రంగూన్ జపాను చేతికి చిక్కింది 1942 మార్చి 8న కదా, అంటే రెండు నెలలకు పైగా వ్యవధి ఉంది. రెండవది, ప్రాణభయంతో పారిపోయి రావడాన్ని సాహసం అనవచ్చునా? లక్షలమంది చేసిన పనిని ఒక్కరి ఘనతగా చెప్పడం నాకు సరిగా తోచదు. మా ఇంట్లో కూడా తుపాను రాత్రి గోడ కింద నుంచి బయటపడిన ముత్తవ్వను వీరవనితను చేసి కూర్చోబెట్టారు.

చరిత్ర పాఠకుడు:

మొదటి ప్రశ్నకు జవాబు చెబుతాను. ఓడలు నడిచాయి, వాటిలో వేలమంది వచ్చారు కూడా. కానీ ఉన్న ఓడలు తక్కువ, టిక్కెట్టు దొరకడానికి డబ్బు కావాలి లేదా పలుకుబడి కావాలి. వ్యాపారుల కుటుంబాలు, వడ్డీవ్యాపారం చేసే చెట్టియార్లు, ఉద్యోగుల కుటుంబాలు ముందుగా వెళ్లగలిగాయి. పైగా రేవు నడవాలంటే కూలీలు కావాలి కనుక, వారు ఊరు విడవకుండా చూడాలన్నదే ప్రభుత్వం ఆలోచన. మూటలు మోసేవాడు కదిలిపోతే యుద్ధసామగ్రి దింపేవాడు లేడు. కాబట్టి ఎవరి అవసరం ఎక్కువగా ఉందో వారికే ఓడ అందని పరిస్థితి ఏర్పడింది. తర్వాతి కాలంలో తమూ దారిలో తెల్లవారికి మెరుగైన బాట, భారతీయులకు కష్టమైన బాట కేటాయిస్తున్నారని ఫిర్యాదులు వచ్చి ఢిల్లీ కేంద్ర శాసనసభలో కూడా గొడవ జరిగింది. ఎవరు నడిచారు, ఎవరు ఓడ ఎక్కారు అన్నది ధైర్యాన్ని బట్టి కాక, జేబును బట్టీ రంగును బట్టీ తేలింది.

రెండవ ప్రశ్న మనవడుగారికే వదిలేస్తాను.

కొబ్బరితోట:

నేను వేరే రకం నాయనమ్మ గురించి చెబుతాను. బర్మా చూడని నాయనమ్మ.

మా తాత రంగం రిక్షావాడు. పెళ్లయ్యాక నాలుగుసార్లు వచ్చి వెళ్లాడు, నలుగురు పిల్లలు. మనియార్డరు వచ్చినప్పుడు తపాలా మనిషి చదివి వినిపించే నాలుగు ముక్కలే ఆయన మాట. 1941 చివరిలో మనియార్డర్లు ఆగిపోయాయి. తర్వాతి ఏడాది జనం తిరిగి వస్తున్నారని తెలిసి, నాయనమ్మ చికాకోల్ రోడ్డు స్టేషనుకు వెళ్లి ఉత్తరం నుంచి వచ్చే ప్రతి రైలు దగ్గరా నిలబడేది. ఎవరి కాళ్లు పుళ్లుపడి ఉంటే వాళ్లు బర్మా నుంచి వచ్చినవాళ్లని గుర్తుపట్టి ఆపి అడిగేదట. ఎవరో ఆయన్ని ప్రోమ్‌లో చూశామన్నారు, మరెవరో చూడలేదన్నారు. ఆయన రాలేదు. పోయాడనీ ఎవరూ చెప్పలేదు.

ఆమె ఆ తర్వాత యాభై ఏళ్లు బతికింది. పసుపుకుంకాలు తీయలేదు, ఊరివాళ్లు తీయించబోతే ఒప్పుకోలేదు. ఇసుకనేలలో జీడిమొక్కలు వేయించి, మగవాళ్లు చేసుకొనే తోట గుత్తల బేరంలో తానే కూర్చొని, నలుగురినీ పెంచింది. ఆయనకు అక్కడ బర్మా భార్య ఉండేదని, అందుకే రాలేదని కూడా ఊళ్లో అనేవారు. ఆ మాట విన్నప్పుడు నాయనమ్మ కోపగించుకొనేది కాదు. "బతికుంటే సాలు, ఏ బార్య దగ్గరుంటే నాకేటి" అనేది. ఈ చర్చలో సాహసం అంటే దూరాలు దాటడమే అన్నట్టు మాట్లాడుకుంటున్నారు కనుక ఇది రాయాలనిపించింది.

కంచరపాలెం కోడలు:

కొబ్బరితోట గారూ, మీ పోస్టు చదివి నాకు చేతులు ఆడలేదు. ఎందుకంటే మా అత్తవారింటి నాయనమ్మ ఆ బర్మా భార్యల్లో ఒకరు. మీ తాతగారి భార్య కాకపోవచ్చు, కానీ అటువైపు మనిషే.

ఆమె యుద్ధం తర్వాత ఒక తెలుగు మిల్లు కూలీని పెళ్లి చేసుకొంది. ఇంట్లో బర్మా భాష, బయట తెలుగు, పిల్లలకు రెండూ. 1962 మార్చిలో సైన్యం అధికారం చేజిక్కించుకొంది, 1964లో దుకాణాలన్నీ ప్రభుత్వపరం అయ్యాయి, అదే ఏడాది మే నెలలో యాభై, వంద చాట్ల నోట్లు చెల్లవన్నారు. తాతగారి చిన్న కిరాణా కొట్టు ముందు ప్రభుత్వ బోర్డు పెట్టి తాళాలు తీసుకున్నారు. పెట్టెలో దాచుకున్నవి ఎక్కువగా ఆ నోట్లే. ఇక ఇక్కడికి వచ్చేయక తప్పలేదు. ఆమె పుట్టిన ఊరు అదే, తోబుట్టువులు అక్కడే. కావాలంటే ఉండిపోవచ్చు. తాతగారూ పిల్లలూ భారతీయులుగా నమోదయ్యారు, ఆమె వారితో ఓడ ఎక్కింది. రేవులో సోదా చేసేవాళ్లు నగలు తీయించారట. తనవి తీసి ఇచ్చేసి, తన దేశం మనిషే తనను విదేశీయురాలిలా తడిమి చూశాడని ఆమె నవ్వేదట.

విశాఖ రేవులో దిగేనాటికి ఆమెకు వచ్చిన తెలుగు మిల్లు కూలీల తెలుగు. బర్మా నుంచి వచ్చినవాళ్లు ఉండే కంచరపాలెం బర్మా క్యాంపులో మిగతా ఆడవాళ్లంతా సొంత దేశానికి తిరిగి వచ్చినవాళ్లు, ఆమె ఒక్కతే దేశం విడిచి వచ్చినది. ఉదయాన్నే చెంపలకు తనకా చెట్టు బెరడు గంధం పూసుకొని మొహింగా వండి అమ్మేది. చేపల పులుసులో అరటి దవ్వ, శనగపిండి కలిపి చిక్కగా ఉడికించి, సన్నటి బియ్యపు సేమియా మీద పోసి ఇచ్చేది. మొదట క్యాంపువాళ్లే కొన్నారు, తర్వాత రైల్వే కూలీలు మరిగారు. ఙపి (పులియబెట్టిన చేపల ముద్ద) దొరక్క, మన ఎండురొయ్యల పొడితో ఏదో చేసుకొని, తినేటప్పుడు మొహం చిట్లించేది. మళ్లీ బర్మా వెళ్లలేదు. చెల్లెలి నుంచి కొన్నేళ్లు ఉత్తరాలు వచ్చాయి, తర్వాత ఆగిపోయాయి.

వ్యాసర్పాడి నుంచి:

మద్రాసులో స్థిరపడిన బర్మా తెలుగు కుటుంబం మాది. నడిచి వచ్చినవాళ్ల గురించి రాస్తున్నారు కనుక, రాకుండా ఉండిపోయినవాళ్ల సంగతి ఒకటి చెబుతాను. మా చిన్నమ్మమ్మ, తన భర్త జ్వరంతో ఉండడంవల్ల కదలలేక, జపాను కాలమంతా రంగూన్‌లోనే ఉంది. బియ్యం దొరికేది కానీ బట్ట దొరికేది కాదు, గోనెసంచులు కుట్టుకొన్నారు. నేతాజీ 1944 జనవరిలో తన ఆజాద్ హింద్ ప్రభుత్వ కేంద్రాన్ని రంగూన్‌కు మార్చాక జరిగిన ఒక సభలో తన రెండు గాజులూ తీసి ఇచ్చేసింది. ఇంటికి వచ్చాక భర్త కొట్టాడు. ఆ కథను మా ఇంట్లో సగమే చెబుతారు, గాజుల దాకా.

సందేహాల రాయుడు:

గాజుల తర్వాతి సగం రాసినందుకు మీకు నమస్కారం.

నా ప్రశ్నకు కొబ్బరితోటగారి, కంచరపాలెంగారి పోస్టుల్లో కొంత జవాబు దొరికింది. కానీ మనవడుగారు ఇంకా చెప్పలేదు. శీర్షికలో "మళ్లీ రంగమే వెళ్లిన" అని పెట్టారు. కొడుకును పోగొట్టుకొని, ప్రాణాలతో బయటపడిన మనిషి అక్కడికే మళ్లీ ఎందుకు వెళ్లింది? తాతగారు లాక్కెళ్లారా?

ఉద్దానం మనవడు:

లాక్కెళ్లలేదు. తాతయ్యకు ఇష్టమే లేదు. అందుకే రాయుడుగారూ, మీ మొదటి అభ్యంతరంతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. 1942లో నడిచి రావడం ఆమె ఎంచుకొన్నది కాదు. దాని గురించి ఎవరైనా పొగిడితే "నడిసొచ్చింది నానొక్కదాన్నేటిరా, రంగమంతా నడిసొచ్చింది" అని కసిరేది. ఆమె బతుకులో సాహసం అనదగ్గది 1946 నాటిదని నా అభిప్రాయం, ఇంట్లో దాన్ని మాత్రం ఎవరూ చెప్పుకోరు, ఎందుకంటే అది మొండితనంగా కనిపిస్తుంది.

మధ్యలో జరిగింది కొంచెం చెప్పాలి. ఊరికి చేరాక వారికి భూమి లేదు, తాతయ్య మోకాళ్లు పాడయ్యాయి. విశాఖ పాతపట్నంలో ఉన్న అక్క ఇంటికి వెళ్లి కొన్ని వారాలైనా కాకముందే, 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖమీద, కాకినాడమీద బాంబులు వేశాయి. ఊరు ఊరంతా బండ్లు కట్టుకొని అనకాపల్లి వైపు, విజయనగరం వైపు పరుగుపెట్టింది. అమ్మమ్మ కదలనంది. పారిపోతే ఏమవుతుందో తనకు తెలుసునని, ఈసారి పిల్లను దారిలో పెట్టనని చెప్పి, ఖాళీ అయిన వీధిలో కూర్చొని వండుకొంది. ధైర్యంతో అలా చేసిందో విసిగిపోయి అలా చేసిందో నేను తేల్చలేను, ఆమె కూడా తేల్చలేదు.

యుద్ధం ముగిశాక, విశాఖలో కూలికి పోయిన ఆ నాలుగేళ్లలో తన చేతికి ఒక్క రూపాయి కూడా తనదిగా రాలేదని ఆమె లెక్క. రంగంలో తానొక పూటకూళ్లమ్మ, తన గోడ తనకుండేది. ఇక్కడ అక్క ఇంటి వసారాలో ఒక మూల. వెళ్తానంది. పైకి చెప్పిన కారణం మాత్రం బాకీలు. ముఠా మనుషుల్లో కొందరు ఉండిపోయారు, కొందరు తిరిగి వెళ్తున్నారు, వాళ్లు తనకు ఇవ్వవలసింది ఉంది, వసూలు చేసుకొని వచ్చేస్తానని తాతయ్యకు చెప్పింది. అయిదేళ్ల కూతుర్ని తీసుకొని, విశాఖలో ఓడ ఎక్కి ముందు తానే వెళ్లింది. తాతయ్య కొన్ని నెలల తర్వాత వెనకాల వెళ్లాడు. ఒక భార్య ముందు వెళ్లి కుదురుకొని భర్తను పిలిపించుకోవడం ఆ రోజుల్లో నేను ఇంకెక్కడా వినలేదు.

గోడ లేదు. ఆ వరుస మొత్తం కాలిపోయింది. బాకీ ఉన్నవాళ్లలో దొరికినవాళ్లు తక్కువ, ఇచ్చినవాళ్లు మరీ తక్కువ. వసూలు చేసుకొని వచ్చేస్తానన్న మనిషి పద్దెనిమిదేళ్లు ఉండిపోయింది. మా అమ్మ ఆ కాలంలోనే అక్కడ పుట్టింది. 1948 జనవరి 4న బర్మాకు స్వాతంత్ర్యం వచ్చింది. మరుసటి ఏడాది రంగూన్ పక్కనున్న ఇన్సీన్ దగ్గర కరెన్ జాతి తిరుగుబాటుదారులకూ ప్రభుత్వ సేనలకూ యుద్ధం జరుగుతుంటే, ఆ ఫిరంగుల మోత వింటూ వంట చేసింది. కంచరపాలెంగారు రాసినట్టే 1964 తర్వాత వారి పని కూడా అయిపోయింది. రెండోసారి వచ్చేటప్పుడు నడవనక్కరలేకపోయింది, ప్రభుత్వమే ఓడ పెట్టింది.

కొబ్బరితోట:

మనవడుగారూ, ఒక్కటి అడగనా? బాకీలు వసూలు చేసుకోవడానికి వెళ్లానన్నది ఆమె నిజంగానే నమ్మిందా, లేక తాతగారిని ఒప్పించడానికి చెప్పిందా? మరొకటి, తౌంగప్ వెళ్లి చూడాలన్న ఆలోచన ఆమెకు ఉండేదా? తల్లిని కనుక అడుగుతున్నాను.

ఉద్దానం మనవడు:

మొదటిదానికి: రెండూ. బాకీల విషయంలో ఆమె పట్టుదల నిజమే, దానికి సాక్ష్యం ఉంది. 1965లో కంచరపాలెం బర్మా క్యాంపుకు వచ్చాక పక్క సందులో కిళ్లీకొట్టు పెట్టుకొన్న ముసలాయనను చూసి, 1941 నాటి కొడవలి గుర్తు మనిషి అని పోల్చుకొంది. ఆయన కాదనలేదు. డబ్బు అడగలేదు, ఇవ్వనూ లేదు. ఆయన బతికి ఉన్నంతకాలం ఆమె తమలపాకులకు పైసా చెల్లించలేదు, ఎన్ని కట్టలు అయ్యాయో లెక్క వేసుకొంటూనే ఉండేది.

రెండవదానికి: ఒకసారి బయలుదేరింది. 1950 ప్రాంతంలో ప్రోమ్ దాకా రైల్లో వెళ్లిందట. నది అవతల తిరుగుబాటుదారులు ఉన్నారని, అటు ఎవరినీ పోనివ్వరని చెప్పి వెనక్కి పంపారు. ఈ సంగతి మా అమ్మకూ తెలియదు, నాకు చెప్పినప్పుడు కూడా ఇంకేదో మాట్లాడుతూ మధ్యలో అనేసింది. తాతయ్యకు తెలిసి ఉండదని నా అనుమానం.

కంచరపాలెం కోడలు:

ఆ కిళ్లీకొట్టు ఎక్కడుండేదో మా మామగారికి తెలిసి ఉండవచ్చు, అడిగి రాస్తాను. మీ అమ్మమ్మగారూ మా నాయనమ్మగారూ ఒకే క్యాంపులో ఒకే కాలంలో ఉన్నారు, ఒకరినొకరు ఎరగకుండా ఉండడం కష్టం.

మరొక మాట. మా ఇంట్లో 1960ల నాటి శరణార్థి కాగితం ఒకటి మిగిలింది. అందులో కుటుంబ సభ్యుల పేర్లు, వయసులు, వచ్చిన ఓడ, దిగిన తేదీ ఉన్నాయి. నాయనమ్మ పేరును తెలుగు పేరుగా మార్చి రాశారు, ఆమె బర్మా పేరు ఎక్కడా లేదు. అలాంటి కాగితాలు ఉన్నవారు పిల్లలు పారేయకముందే ఫోటో తీసి పెట్టుకోవడం మంచిది.

చరిత్ర పాఠకుడు:

తప్పకుండా. బర్మా, సిలోను నుంచి తిరిగివచ్చినవారికోసం కేంద్రప్రభుత్వం 1969లో ఏర్పాటుచేసిన రెప్కో బ్యాంకులో చాలా కుటుంబాలు సభ్యత్వం తీసుకొన్నాయి. ఆ పాత పాసుపుస్తకాలు, వాటా పత్రాలు ఇంట్లో ఉంటే వాటిలో కూడా శరణార్థి వివరాలు దొరకవచ్చు. 1942 వలసకు సంబంధించిన ప్రభుత్వ దస్త్రాలు ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో (నేషనల్ ఆర్కైవ్స్) ఉన్నాయి. వాటిలో కొన్నింటిని అభిలేఖ్ పటల్ అనే వెబ్‌సైటులో చూడవచ్చు. కూలీల పేర్లు వాటిలో దొరుకుతాయని ఆశ పెట్టుకోకండి, పేర్లు రాసుకొన్నది ఎక్కువగా ఉద్యోగులవీ వ్యాపారులవీ. కానీ తౌంగప్, అక్యాబ్ శిబిరాలమీద అధికారులు రాసుకొన్న నివేదికలను మనవడుగారు చదివితే, ఆమె చెప్పిన నీళ్ల సంగతి ఆ కాగితాల్లోనూ కనిపిస్తుంది.

సందేహాల రాయుడు:

మనవడుగారూ, పులిని తీసేసి, కొడుకును చేర్చి, బాకీలతో సహా రాయండి. మీ మామయ్యలు ఒప్పుకోకపోతే ఈ చర్చ లింకు వారికి పంపండి. కొబ్బరితోటగారు, కంచరపాలెంగారు అనుమతిస్తే వారి నాయనమ్మల సంగతులు కూడా అందులో ఉండాలని నా కోరిక.

కొబ్బరితోట:

నాకు అభ్యంతరం లేదు. తాత రిక్షా లైసెన్సు బిళ్ల ఒకటి మా బాబాయి దగ్గర ఉందని ఎప్పుడో విన్నాను. ఇత్తడిది, దానిమీద అంకె ఉంటుందట. సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు చూసి, అంకె ఇక్కడ రాస్తాను. ఆ అంకెతో రంగూన్‌లో ఏదైనా తెలుసుకొనే దారి ఉంటే పాఠకుడుగారు చెప్పగలరు.